రొమ్ములో గడ్డకు మందేస్తే జుట్టెందుకు ఊడాల?

రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ మొదటి సైకిల్, అంటే మొదటి విడత మందు, ఎక్కించిన పద్దెనిమిదో రోజు పొద్దున్నే మా పిన్నమ్మ కందుకూరు నుంచి ఫోన్ చేసింది. దువ్వెన నిండా జుట్టంట. ఊడుతుందని నెల్లూరులో డాక్టరమ్మ ముందే చెప్పారు కాబట్టి ఏడుపేమీ లేదు, కోపం మాత్రం ఉంది. "గడ్డ ఉండేది రొమ్ములో. మందు పోసింది చేతి నరంలో. మధ్యలో జుట్టేం జేసిందబ్బయా?" అంది.

నేను కావలిలో ఇంటర్ పిల్లలకు పదిహేనేళ్ళు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. కణవిభజన పాఠం కళ్ళు మూసుకుని చెప్తా. ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ, నాలుగు బొమ్మలు, బొమ్మలకు మార్కులు. ఆ పొద్దు ఫోన్లో పిన్నమ్మకు జవాబు చెప్పబోతే మాట రాలేదు, ఎందుకంటే ఆ నాలుగు బొమ్మల్లో ఆమె ప్రశ్నకు జవాబు లేదు. అవి పెళ్ళి ఆల్బమ్ లాంటివి. తాళి కట్టేది, తలంబ్రాలు పోసుకునేది, అందరూ నవ్వేది ఉంటుంది. సంబంధం కుదరడం, ముహూర్తం దగ్గర పేచీలు, అప్పు ఎక్కడ పుడుతుందా అని తిరగడం, అసలు ఈ పెళ్ళి జరగాలా వద్దా అని రాత్రిళ్ళు కూర్చుని మాట్లాడుకోవడం, ఇవేవీ ఫోటోల్లో ఉండవు. కణం సంగతీ అంతే.

మనిషి కణాన్ని ల్యాబ్‌లో పెంచితే ఒక చుట్టు తిరగడానికి, అంటే ఒకసారి విడిపోయాక మళ్ళీ విడిపోవడానికి, సుమారు 24 గంటలు పడుతుంది. ఈ చుట్టునే కణచక్రం అంటారు. అందులో మైక్రోస్కోపులో కనపడే ఆ నాలుగు బొమ్మల తతంగం గంటసేపే. మిగతా 23 గంటలు ఏమీ కదిలినట్టుండదు కాబట్టి పాత పుస్తకాలు దాన్ని విశ్రాంతి దశ అని రాసేశాయి. అది విశ్రాంతి కాదని తేల్చింది చిక్కుడు జాతి గింజల మొలకలు. 1953లో ఆల్మా హోవర్డ్, స్టీఫెన్ పెల్క్ అనే ఇద్దరు వాటి వేర్లకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ తాగించారు. కణం రెండు కావాలంటే ముందు తన జన్యువులు రాసున్న పోగుకు, అంటే డీఎన్ఏకి, ఇంకో కాపీ చేసుకోవాలి. డీఎన్ఏ తయారవ్వాలంటే ఫాస్ఫరస్ కావాలి కదా, కొత్తగా డీఎన్ఏ తయారైన కణాలను ఫోటో ఫిల్ముకు ఆనిస్తే అక్కడ నల్ల చుక్కలు పడతాయి. అట్లా చూస్తే కాపీ పని విడిపోయేటప్పుడూ జరగట్లేదు, ఎప్పుడు పడితే అప్పుడూ జరగట్లేదు. విశ్రాంతి అనుకున్న కాలంలోనే మధ్యలో కొన్ని గంటలపాటు జరుగుతోంది, దానికి ముందొక ఖాళీ, తర్వాతొక ఖాళీ ఉన్నాయి. ఖాళీని ఇంగ్లీషులో గ్యాప్ అంటారు కాబట్టి జీ1, జీ2 అన్నారు, కాపీ జరిగే కాలాన్ని ఎస్ అన్నారు, విడిపోయే గంటను ఎం అన్నారు. పేరు గ్యాప్ అన్నారు గానీ అసలు వ్యవహారమంతా ఆ ఖాళీల్లోనే నడుస్తుందని తర్వాత ముప్పై ఏళ్ళకు గానీ పూర్తిగా తెలియలేదు.

జీ1 సుమారు పదకొండు గంటలు, అన్నిటికన్నా పెద్దది. కణం ఇందులో పెరుగుతుంది, ప్రొటీన్లు కూడబెట్టుకుంటుంది, ఒంట్లోంచి వచ్చే కబుర్లు వింటుంది. నాలాంటి కణం ఇంకోటి అవసరమా, తిండి ఉందా, పక్కన చోటుందా, డీఎన్ఏకి దెబ్బేమన్నా తగిలిందా. సోమశిల డ్యాంలో నీళ్ళెన్ని ఉన్నాయో, కాలవకు ఎప్పుడు వదుల్తారో తెలియకుండా మావైపు ఎవరూ నారు పోయరు. ఒకసారి నారు పోశాక మాత్రం వెనక్కి పోవడానికి లేదు, ఏదేమైనా నాట్లేయాల్సిందే. కణానికీ జీ1 చివర్లో అట్లాంటి గట్టొకటి ఉంది, అది దాటితే కాపీ మొదలుపెట్టి తీరాలి. దాటనక్కర్లేదని తేలితే పక్కకు తప్పుకుని బీడు పెట్టుకుంటుంది, దాన్ని జీ0 అంటారు. మన నరాల కణాల్లో దాదాపు అన్నీ జీవితాంతం బీడే. కాలేయం కణాలు మాత్రం బీడు పెట్టినా అవసరమొస్తే లేస్తాయి, అందుకే కాలేయంలో మూడింట రెండొంతులు కోసేసినా మళ్ళీ పెరుగుతుంది. ఒంట్లో ఏ క్షణంలో చూసినా ఎక్కువ కణాలు విడిపోకుండా ఊరికే తమ పని చేసుకుంటూనే ఉంటాయి. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, పిన్నమ్మ జుట్టు దగ్గర మళ్ళీ కావాలి.

ఇక కాపీ. ఒక్కో కణంలో డీఎన్ఏని సాగదీస్తే రెండు మీటర్లు, అదుండే కేంద్రకం అడ్డుకొలతేమో మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. దాంట్లో వరసగా కూర్చిన రసాయన ముక్కలను అక్షరాలనుకుని లెక్కేస్తే అమ్మ వైపువీ నాన్న వైపువీ కలిపి 600 కోట్లకు పైనే. మెలి తిరిగిన రెండు పేటలు విడిపోతాయి, ఒక్కో పాత పేటను చూసి ఎదురుగా కొత్త పేట అల్లుకుంటుంది, కాబట్టి చివరికి వచ్చే రెండు కాపీల్లోనూ సగం పాతది, సగం కొత్తది. ఇది 1958లో మెసెల్సన్, స్టాల్ తేల్చారు.

అల్లే యంత్రం పేరు డీఎన్ఏ పాలిమరేజ్. దీనికొక జబ్బుంది, ఒకే దిక్కున నడవగలదు. రెండు పేటలేమో ఎదురెదురు దిక్కులకు తిరిగి ఉంటాయి. పాఠం చెప్పేటప్పుడు పిల్లలందరూ జారిపోయేది ఇక్కడే, నేను నాట్లతో చెప్పేవాణ్ణి. నాటేవాళ్ళు వెనక్కి నడుస్తూనే నాటుతారు, ముందుకు నడిస్తే నాటింది తొక్కేస్తారు. చేలోకి నీళ్ళు ఒకవైపు నుంచి మెల్లగా పారుకుంటూ వస్తున్నాయనుకోండి. నీళ్ళు పోయే దిక్కునే వీపు పెట్టి నడిచేవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు, తడిసేకొద్దీ నాటుకుంటూ పోతారు. రెండో గుంపుకు నీళ్ళొచ్చే దిక్కుకే వీపు పెట్టాలనే రూలుందనుకోండి, వాళ్ళేం చేస్తారు? కాస్త తడిశాక ఆ తడి కొసకు పోయి, అక్కడి నుంచి పాత నాటు తగిలేదాకా వెనక్కి నాటుకుంటూ వచ్చి, మళ్ళీ కొత్తగా తడిసిన కొసకు పరిగెత్తాలి. అందుకే ఒక పేట ఏకధాటిగా, ఇంకోటి ముక్కలు ముక్కలుగా తయారవుతుంది, తర్వాత ముక్కలను లైగేజ్ అనే ఎంజైము అతుకుతుంది. ఆ ముక్కలను కనిపెట్టింది జపాన్ దంపతులు రీజీ ఒకజాకి, త్సునెకో ఒకజాకి. రీజీ హిరోషిమాలో పుట్టినాయన, 1975లో 44 ఏళ్ళకే రక్త క్యాన్సర్‌తో పోయాడు.

వేగం లెక్క చూస్తే ఇంకో చిక్కుంది. మన కణాల్లో ఈ యంత్రం సెకనుకు సుమారు 50 అక్షరాలు రాస్తుంది. మన డీఎన్ఏ కొన్ని విడి ముక్కలుగా ఉంటుంది, వాటినే క్రోమోజోములంటారు. వాటిల్లో పెద్దదైన ఒకటో నంబరులో దాదాపు 25 కోట్ల అక్షరాలు. ఒక చివర మొదలెట్టి రెండో చివరకు పోవాలంటే దాదాపు 58 రోజులు పడుతుంది. ఉన్నదేమో ఎనిమిది గంటలు. అందుకని ఒక చోట కాదు, కేంద్రకం మొత్తం మీద వేల చోట్ల ఒకేసారి తెరిచి మొదలుపెడుతుంది. అట్లా మొదలుపెడితే ఒక చోట రెండుసార్లు కాపీ పడిపోదా? పడకూడదు, పడితే ఆ జన్యువులు మూడో నాలుగో అయి కూర్చుంటాయి. దానికి ఓటేసినవాడి వేలికి సిరా పెట్టినట్టు ఒక ఏర్పాటుంది. జీ1లో ప్రతి మొదలు దగ్గరా ఒక అనుమతి చీటీ లాంటి ప్రొటీన్ గుంపు కూర్చుంటుంది, కాపీ మొదలవ్వగానే అది ఆ చోటు వదిలేస్తుంది, వచ్చే చుట్టు దాకా అక్కడ మళ్ళీ కూర్చోనివ్వరు. నాకైతే మొత్తం కణచక్రంలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు కనపడదు, కానీ మన సిలబస్‌లో దీనికి ఒక్క లైను కూడా లేదు.

తప్పులంటారా, యంత్రం మొదటి చేతిరాతలో లక్ష అక్షరాలకొక తప్పు చేస్తుంది, రాసిందాన్ని అక్కడికక్కడే చెరిపి దిద్దుకుంటే కోటికొకటి అవుతుంది, వెనకాల వచ్చే ఇంకో దిద్దుబాటు గుంపు దాన్ని 100 కోట్లకొకటి దాకా తగ్గిస్తుంది. అంటే ఒకసారి విడిపోతే ఒకట్రెండు నుంచి పది లోపు తప్పులు మిగుల్తాయి. చాలావరకు ఎక్కడో పనిలేని చోట పడతాయి.

కొన్నిసార్లు మాత్రం బ్రేకు మీదే పడతాయి. పీ53 అనే ప్రొటీన్ ఉంది, డీఎన్ఏ తెగిందని కబురొస్తే చక్రాన్ని ఆపుతుంది, బాగుచేసే టైమిస్తుంది, బాగుకాకపోతే ఆ కణాన్ని తనంతట తానే చచ్చిపొమ్మంటుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ పీ53 చెడిపోయి ఉంటుంది. పొగాకు పొగలో ఉండే బెంజోపైరీన్ సరిగ్గా ఈ జన్యువులో కొన్ని చోట్ల పోయి అతుక్కుంటుందని 1996లో చూపించారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పక్కన పుట్టి పెరిగిన మాకు ఈ మాట చెప్పుకోవడం కష్టంగానే ఉంటుంది, మా తాత పిల్లల ఫీజులు కట్టింది పొగాకుతోనే, పోయింది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో.

బ్రేకులు సరే, బండి తోలేదెవరు? 1982లో టిమ్ హంట్ అనే శాస్త్రవేత్త సముద్రపు అర్చిన్ (ముళ్ళబంతి లాంటి సముద్రజీవి) గుడ్లలో ఒక వింత చూశాడు. ఒక ప్రొటీన్ మెల్లగా పెరుగుతూ వచ్చి, గుడ్డు విడిపోయే సమయానికి ఒక్కసారిగా మాయమవుతోంది, మళ్ళీ పెరుగుతోంది, మళ్ళీ మాయం. దానికి సైక్లిన్ అని పేరు పెట్టాడు. సైక్లిన్ తనంతట తాను ఏమీ చేయదు, సీడీకే అనే ఎంజైముతో జతకడితే అది పనిలోకి దిగుతుంది. బండి కదలాలంటే తాళంచెవి తిప్పాలి, తిప్పాక ఆ చెవిని విరిచి పారేయాలి, అప్పుడే వెనక్కి తిరగదు. పాల్ నర్స్ ఈ సీడీకేని ఈస్ట్ అనే ఒంటికణం శిలీంధ్రంలో వెతికి పట్టుకున్నాడు, తర్వాత 1987లో అతని ల్యాబ్ వాళ్ళు ఆ జన్యువు చెడిపోయిన ఈస్ట్‌లో మనిషి జన్యువు పెట్టి చూస్తే ఈస్ట్ ఏ నామోషీ లేకుండా విడిపోయింది. మనిషికీ ఈస్ట్‌కీ మధ్య వంద కోట్ల ఏళ్ళ దూరం ఉంది, అయినా బండి ఇంజను ఒకటే. దశదశకూ ఆగి చూసుకునే తనిఖీల సంగతి తేల్చింది లీలాండ్ హార్ట్‌వెల్, ఆయనా ఈస్ట్‌లోనే. ముగ్గురికీ కలిపి 2001లో నోబెల్ ఇచ్చారు.

జీ2లో నాలుగు గంటలు కాపీ అంతా పూర్తయిందా అని చూసుకోవడం. ఆ తర్వాత ఆ గంట.

ఈ గంటలో మన తెలుగు పుస్తకాల్లో నాకు బాగా నచ్చే మాటొకటుంది, కండె తంతువులు. కోవూరు పక్కన పాటూరులో మగ్గాలున్న ఏ ఇంటికైనా వెళ్ళి కండె అంటే ఏందని అడగండి, నాడెలో పెట్టే నూలు కండె తీసి చేతిలో పెడతారు. నడుం లావుగా, రెండు కొసలూ సన్నగా. కణంలో రెండు ధ్రువాల నుంచి పోగులు బయల్దేరి మధ్యలో ఉబ్బిన ఆకారం సరిగ్గా అదే. 1882లో వాల్టర్ ఫ్లెమింగ్ ఈ విభజనకు మైటోసిస్ అని పేరు పెట్టినప్పుడు కూడా గ్రీకులో పోగు అనే మాటే తీసుకున్నాడు.

రెండు మీటర్ల డీఎన్ఏ చుట్టలు చుట్టుకుని పొట్టి కడ్డీల్లాంటి క్రోమోజోములవుతుంది, మనకు 46. ఒక్కోదానికీ రెండు నకళ్ళు నడుం దగ్గర అతుక్కుని ఉంటాయి. రెండు ధ్రువాల నుంచి వచ్చే పోగులు చీకట్లో తడుముకుంటున్నట్టు పొడుగవుతూ, కుంచించుకుపోతూ వెతుక్కుంటాయి. ఒక నకలుకు ఇటు పోగు, రెండోదానికి అటు పోగు తగులుకుని, రెండువైపులా లాగితే మధ్యలో బిగువొస్తుంది. కణం చూసేది ఆ బిగువునే. మనం టెన్షన్ అనేది తిట్టుగా వాడతాం గానీ ఇక్కడ టెన్షన్ లేకపోతేనే ప్రమాదం. 46లో ఒక్కదానికి పోగు తగలకపోయినా మొత్తం ఆగుతుంది, 45 తయారుగా ఉన్నా సరే. అన్నీ బిగిశాక సెపరేజ్ అనే ఎంజైము నడుం కట్లు ఒకేసారి తెంచుతుంది, నకళ్ళు రెండువైపులకూ జారిపోతాయి. ఆ తర్వాత జంతుకణమైతే సంచి మూతి తాడు లాగినట్టు నడుం నొక్కుకుని రెండవుతుంది, మొక్కయితే మధ్యలో గోడ కట్టుకుంటుంది.

ఇప్పుడు మందులు. ఇవేవీ "క్యాన్సర్‌ని చంపే" మందులు కావు, అంటే క్యాన్సర్‌ని గుర్తుపట్టే కళ్ళు వీటికి లేవు. చక్రంలో ఎక్కడో ఒకచోట కర్ర అడ్డం పెడతాయి, అంతే. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన అమైనోప్టెరిన్, తర్వాత మెథోట్రెక్సేట్ చేసేది కాపీకి కావాల్సిన ఒక అక్షరం సరుకు అందకుండా చేయడం. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అమైనోప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ పిల్లల్లో కొందరికి కొన్ని నెలలు జబ్బు తగ్గించి చూపించాడు, అదే ఏడాది సుబ్బారావు పోయారు. పిన్నమ్మకు మొదటి నాలుగు విడతల్లో పెట్టిన ఎర్రమందు డాక్సోరూబిసిన్. మెలి పడిన తాడును విప్పేకొద్దీ ముందు ఇంకా బిగుసుకుంటుంది కదా, ఆ బిగువు వదలడానికి డీఎన్ఏని కోసి మళ్ళీ అతికే ఎంజైము ఒకటుంది, ఈ మందు దాన్ని కోశాక అతకనివ్వదు. తర్వాతి నాలుగు విడతల పాక్లిటాక్సెల్ కండె పోగులను గడ్డకట్టించి కదలనివ్వదు. మన పెరళ్ళల్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ దీనికి ఉల్టా, పోగులను అసలు కట్టనివ్వదు. కట్టనివ్వకపోయినా విప్పనివ్వకపోయినా ఫలితం ఒకటే, బిగువు తనిఖీ ఎప్పటికీ పాసవ్వదు, కణం ఆ గంటలోనే ఇరుక్కుని చస్తుంది. (బిళ్ళగన్నేరు ఆకు రసం తాగితే క్యాన్సర్ పోతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ మొక్క విషం. మందులో మిల్లీగ్రాములు లెక్కపెట్టి ఇస్తారు, దయచేసి తాగకండి.)

ఇప్పుడు జుట్టు. బీడు పెట్టిన కణానికి ఈ మందులతో పెద్దగా పనిలేదు, చక్రంలో ఉన్నదానికే దెబ్బ. ఒంట్లో ఎప్పుడూ చక్రంలో ఉండేవి ఏవి? వెంట్రుక కుదురు, రక్తకణాలు తయారయ్యే ఎముక మూలుగ, పేగుల లోపలి పొర, నోటి లోపలి పొర. తలమీద వెంట్రుకల్లో నూటికి ఎనభై అయిదు, తొంభై ఏ రోజు చూసినా పెరిగే దశలోనే ఉంటాయి, వాటి కుదుళ్ళలో కణాలు ఒంట్లో అన్నిటికన్నా వేగంగా విడిపోయేవాటిల్లో లెక్క. రొమ్ములో గడ్డ కన్నా వేగంగా కూడా. చాలామంది అనుకునేది క్యాన్సర్ కణమంటే వేగంగా పెరిగేదని. కాదు, ఆగనిది. ఆగమని చెప్పినా, చోటు లేకపోయినా, డీఎన్ఏ తెగిపోయినా గట్టు దాటేసేది. జుట్టు కుదురు పరిగెత్తుతుంది గానీ చెప్పిన మాట వింటుంది, మందుకు ఆ తేడా తెలియదు.

ఇదే తీగ లాగితే మిగతావన్నీ కదుల్తాయి. నోట్లో పుండ్లు, విరేచనాలు ఎందుకంటే నోటి పొరా పేగుల పొరా ఎప్పటికప్పుడు కొత్తవవుతుంటాయి కాబట్టి, పేగుల పొరైతే అయిదు రోజులకోసారి మారిపోతుంటుంది. తెల్లకణాలు ముందు పడిపోయి, రక్తం తగ్గడం తర్వాత మెల్లగా కనపడేది ఎందుకంటే న్యూట్రోఫిల్ అనే తెల్లకణం రోజుల్లోనే పోతుంది, ఎర్రకణం 120 రోజులుంటుంది, సరఫరా ఆగితే ముందు ఏ డబ్బా ఖాళీ అవుతుందో చూడండి. మధ్యలో 21 రోజుల విరామం కూడా మూలుగ కోలుకోవడానికే, అందుకే ప్రతి విడత ముందూ రక్తపరీక్ష చేసి కౌంటు చూసి గానీ మందు పెట్టరు. మరి ఒక్క విడతతో సరిపెట్టరెందుకంటే, గడ్డలో కూడా అన్ని కణాలూ ఒకేసారి చక్రంలో ఉండవు, ఈసారి బీడులో నక్కినవి వచ్చేసారి దొరకాలి.

అయిదో విడత తర్వాత పిన్నమ్మ నన్ను మళ్ళీ ఇరుకున పెట్టింది. అరికాళ్ళు తిమ్మిర్లు. "నరాలు బీడన్నావే, మరిదేందిరా?" నిజమే, ఆమె అడిగింది సరైన చోట. జవాబు ఏందంటే, కండె పోగులు ఏ సరుకుతో తయారవుతాయో అదే సరుకుతో నరం లోపల పట్టాలు కూడా వేసి ఉంటాయి. వెన్ను దగ్గర నుంచి కాలి బొటనవేలి దాకా ఒకే కణం తోక పోతుంది, మీటరు పొడుగు, దాంట్లో సరుకంతా ఆ పట్టాల మీదే నడవాలి. పాక్లిటాక్సెల్ పట్టాలను గడ్డకట్టిస్తే ముందు దెబ్బతినేది అన్నిటికన్నా దూరంలో ఉన్న కొస. విడిపోవడంతో దీనికి సంబంధమే లేదు. ఎర్రమందు గుండె మీద చేసే హాని కూడా ఈ లెక్కలోకి పూర్తిగా రాదు, అది వేరే కథ.

ఎనిమిదో విడత అయిన నెలకు కందుకూరు పోయాను. తలమీద చింతగింజంత నూగు వచ్చింది, పట్టులా ఉంది, తడిమి చూడమంది. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుని బొటనవేలు నా ముందు పెట్టింది. గోరు మీద అడ్డంగా గాడులు, ఒకదాని కింద ఒకటి, రెండేసి మిల్లీమీటర్ల ఎడంలో. నేను నోరు తెరిచేలోపే అందుకుంది.

"గోరు కూడా కుదుట్లో కణాలు విడిపోతేనే గదా పెరిగేది. మందు పెట్టినప్పుడల్లా ఆగింది, మళ్ళీ సాగింది. నెలకు మూడు మిల్లీమీటర్లు పెరుగుద్దంట, టీవీలో చెప్పారు. మూడు వారాలకు రెండు. సరిపోయిందా?"

సరిపోయిందన్నాను.

"అయిదే ఉండాయి," అంది గోరు దగ్గరగా పెట్టుకుని చూస్తూ. "ముందర మూడూ కత్తిరించి పారేసుంటా."